టెస్టింగ్ టూల్‌కు రికార్డ్ బటన్ పెట్టడం ఎందుకంత కష్టం

క్లుప్తంగా: బ్రౌజర్‌లో మనిషి చేసే పనులు చూసి టెస్ట్ స్క్రిప్ట్ రాసిపెట్టే రికార్డర్‌ను మూడు చోట్ల కూర్చోబెట్టవచ్చు. ఎక్స్‌టెన్షన్‌గా బ్రౌజర్ లోపల, ప్రాక్సీగా (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్యవర్తిగా) నెట్‌వర్క్ దారిలో, లేదా బ్రౌజర్‌ను నడిపే టూల్‌లోనే. అది ఏం చూడగలదో, ఎంతకాలం బతుకుతుందో ఆ చోటే నిర్ణయిస్తుంది. ఈవెంట్లను, అంటే నొక్కడం, టైప్ చేయడం వంటివి జరిగినప్పుడు బ్రౌజర్ ఇచ్చే కబుర్లను, పట్టుకోవడం చిన్న పని. వాటిలో వేటిని పారేయాలి, మిగిలినవాటికి ఏ లొకేటర్ (పేజీలో ఫలానా బటన్‌నో పెట్టెనో వెతికిపట్టే గుర్తు) ఇవ్వాలి అన్నదే పెద్ద పని.

ఓపెన్ సోర్స్ టెస్టింగ్ టూల్ ఏదైనా కాస్త పేరు తెచ్చుకోగానే వాడేవాళ్ల నుంచి వచ్చే తొలి కోరికల్లో రికార్డర్ ఒకటి. మాన్యువల్ టెస్టర్లలో చాలామందికి కోడ్ రాయడం అలవాటు లేదు, డెవలపర్లకు టెస్టులు రాసే తీరిక ఉండదు. బటన్ నొక్కి వెబ్‌సైట్‌లో రెండు నిమిషాలు తిరిగితే స్క్రిప్ట్ చేతికొస్తే ఇద్దరికీ పని తప్పుతుందని ఆశ. పేరు విని కొందరు ఇది స్క్రీన్ వీడియో లాంటిదనుకుంటారు. రికార్డర్ బొమ్మను దాచదు. ఫలానా పెట్టెలో ఇది టైప్ చేశారు, ఫలానా బటన్ నొక్కారు అన్న అడుగులను కోడ్‌గానో పట్టికగానో రాసుకుంటుంది. తర్వాత ఆ అడుగులను మనిషి లేకుండా మళ్లీ నడిపించాలి. చిక్కులన్నీ ఆ ‘మళ్లీ’ దగ్గరే మొదలవుతాయి.

సెలీనియం ఐడీఈకి ఏమైంది

2004లో థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టిన సెలీనియం, బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే ఓపెన్ సోర్స్ టెస్టింగ్ టూల్. దానికి 2006లో జపాన్‌కు చెందిన షిన్యా కసతాని రాసిన ఐడీఈ అనే రికార్డర్ తోడైంది. అది ఫైర్‌ఫాక్స్ యాడ్ఆన్. ప్రతి అడుగుకూ మూడు గడులుండేవి: కమాండ్, టార్గెట్, వాల్యూ. టెస్ట్ ఫైలు మామూలు హెచ్‌టీఎంఎల్ టేబుల్, బ్రౌజర్‌లో తెరిచి చదువుకోవచ్చు. సెలీనియంతో చాలామందికి తొలి పరిచయం కోడ్ ద్వారా కాదు, ఈ యాడ్ఆన్ ద్వారానే జరిగింది.

అయితే అది ఫైర్‌ఫాక్స్ పాత తరహా యాడ్ఆన్ పద్ధతి మీద కట్టినది. ఆ పద్ధతిలో యాడ్ఆన్‌కు బ్రౌజర్ లోపలి భాగాలన్నీ అందుబాటులో ఉండేవి. భద్రత కోసం, వేగం కోసం ఫైర్‌ఫాక్స్ తయారీదారు మొజిల్లా ఆ పద్ధతినే ఎత్తేసింది. 2017 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ 55 రావడంతో ఐడీఈ పనిచేయడం మానేసింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన 57తో పాత యాడ్ఆన్లన్నిటికీ తలుపులు మూసుకున్నాయి. బ్రౌజర్ మారడం ఒక్కటే కారణం కాదు. కొత్త పద్ధతిలోకి మార్చి రాయడానికి తీరికున్న మనుషులు లేరని ప్రాజెక్టు వాళ్లే అప్పట్లో బాహాటంగా చెప్పారు. అప్లిటూల్స్ అనే టెస్టింగ్ కంపెనీ ఇంజనీర్లు పూనుకున్నాక 2018లో కొత్త ఐడీఈ క్రోమ్‌కూ ఫైర్‌ఫాక్స్‌కూ కలిపి వచ్చింది. టేబుల్ పోయి జేసన్ (JSON) అనే డేటా రూపంలోని ఫైలు వచ్చింది. పాత పేరు మిగిలింది గానీ లోపలి కోడ్ దాదాపు అంతా కొత్తదే.

ఎక్స్‌టెన్షన్ దారి పట్టే ప్రాజెక్టులకు ఇలాంటి మలుపు ఒక్కసారితో పోదు. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ నియమాలను మానిఫెస్ట్ వీ3 అనే కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు, నిరంతరం తెరిచి ఉండే బ్యాక్‌గ్రౌండ్ పేజీ స్థానంలో అవసరమైనప్పుడే నడిచే సర్వీస్ వర్కర్ వచ్చింది. 30 సెకన్లు పనేమీ లేకపోతే బ్రౌజర్ దాన్ని ఆపేస్తుంది. రికార్డ్ నొక్కిన టెస్టర్ తెర మీది లెక్క సరిచూసుకుంటూ నిమిషం ఆగితే, మెమరీలో ఉంచుకున్న అడుగుల జాబితా మాయమైపోవచ్చు. అందుకే ఇప్పటి ఎక్స్‌టెన్షన్ రికార్డర్ ప్రతి అడుగునూ అక్కడికక్కడే ఎక్స్‌టెన్షన్ స్టోరేజ్‌లో రాసుకోవాలి. చివర్లో ఒకేసారి సేవ్ చేద్దామంటే కుదరదు.

టూల్‌లోనే రికార్డర్

2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ప్లేరైట్ అనే బ్రౌజర్ టెస్టింగ్ టూల్ ఇంకో దారి పట్టింది. దాని రికార్డర్ అయిన కోడ్‌జెన్ కమాండ్ ఎక్స్‌టెన్షన్ కాదు. ప్లేరైట్ తానే బ్రౌజర్‌ను తెరిచి, ప్రతి పేజీలోకీ ఒక చిన్న స్క్రిప్ట్‌ను చొప్పిస్తుంది. పక్కన ఇన్‌స్పెక్టర్ విండోలో కోడ్ వరస వరసగా పుడుతూ ఉంటుంది. టెస్ట్ నడిపే యంత్రాంగమే రికార్డ్ కూడా చేస్తుంది కాబట్టి క్రోమియం (క్రోమ్‌కు మూలం), ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ (సఫారీ ఇంజిన్) మూడింటిలోనూ ఒకేలా పనిచేస్తుంది. ఏ బ్రౌజర్ స్టోర్ అనుమతీ అక్కర్లేదు.

ఇందులో బయటికి కనిపించని ఒక ఏర్పాటు ఉంది. వాడేవాళ్లు బటన్ నొక్కినప్పుడు ఆ క్లిక్‌ను చొప్పించిన స్క్రిప్ట్ మధ్యలోనే ఆపేస్తుంది. బటన్‌కు ఒక లొకేటర్ తయారుచేసి ప్లేరైట్‌కు పంపుతుంది. ఆ లొకేటర్‌తో ప్లేరైట్ తానే క్లిక్ చేస్తుంది. దీనివల్ల రెండు లాభాలు. లొకేటర్ పనికిరానిదైతే రికార్డ్ చేస్తుండగానే తెలిసిపోతుంది. క్లిక్‌తో పేజీ మారిపోయినా అడుగు పోదు, ఎందుకంటే పేజీ కదలకముందే అది నమోదైపోయింది. ఎక్స్‌టెన్షన్లకు ఈ రెండోది పాత తలనొప్పి. క్లిక్ కబురు బ్యాక్‌గ్రౌండ్‌కు చేరేలోపే పాత పేజీ మూతపడి, స్క్రిప్ట్‌లో ఒక అడుగు తగ్గుతుంది. అదీ కొన్నిసార్లే జరుగుతుంది కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం.

ఈ దారికి ఒక లోటుంది: టూల్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి, కమాండ్ లైన్ తెలియాలి. రికార్డర్ ఎవరి కోసం అడిగారో ఆ మాన్యువల్ టెస్టర్‌కు అదే అడ్డం. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ప్లేరైట్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే రికార్డ్ బటన్ ఎడిటర్ పక్కనే వస్తుంది, కర్సర్ ఉన్న చోటి నుంచి రికార్డ్ చేసే వీలూ ఉంది. అయినా ఎడిటర్ తెరవక తప్పదు. క్రోమ్ 97లో డెవ్‌టూల్స్‌లోకి (డెవలపర్ల కోసం బ్రౌజర్‌లోనే ఉండే పనిముట్లలోకి) వచ్చిన రికార్డర్ ప్యానెల్ ఈ బాధ లేకుండా చేసింది. అడుగులను జేసన్‌గా గానీ పపెటీర్ (క్రోమ్‌ను కోడ్‌తో నడిపే లైబ్రరీ) స్క్రిప్ట్‌గా గానీ ఎగుమతి చేసుకోవచ్చు. మరి అది క్రోమ్ కుటుంబపు బ్రౌజర్లకే పరిమితం.

ఒక లాగిన్ ఫారం, లెక్కలేనన్ని ఈవెంట్లు

మామూలు లాగిన్ ఫారం తీసుకుందాం. యూజర్ పేరు పెట్టె, పాస్‌వర్డ్ పెట్టె, ‘నన్ను గుర్తుంచుకో’ అన్న చెక్‌బాక్స్, లాగిన్ బటన్. మనిషి పేరు టైప్ చేసి, పాస్‌వర్డ్ టైప్ చేసి, చెక్‌బాక్స్ పక్కనున్న అక్షరాల మీద నొక్కి, మళ్లీ పాస్‌వర్డ్ పెట్టెలోకి వెళ్లి ఎంటర్ కొడతారు.

పెట్టెలో ఒక్కసారి నొక్కితే బ్రౌజర్ పాయింటర్‌డౌన్, మౌస్‌డౌన్, ఫోకస్, పాయింటర్‌అప్, మౌస్‌అప్, క్లిక్ అని వరసగా ప్రకటిస్తుంది. మౌస్ కదలికలు వీటికి అదనం. ఒక్కో అక్షరానికీ కీడౌన్, బిఫోర్‌ఇన్‌పుట్, ఇన్‌పుట్, కీఅప్ వస్తాయి. పది అక్షరాల పాస్‌వర్డ్‌కు ఇవే 40. వీటన్నిటినీ కలిపి ‘ఈ పెట్టెను ఈ విలువతో నింపు’ అన్న ఒక్క అడుగుగా కుదించాలి. అక్షరాలు ఒక్కొక్కటీ ఏరుకుని కూర్చే బదులు, ఇన్‌పుట్ ఈవెంట్ వచ్చిన ప్రతిసారీ పెట్టెలోని మొత్తం విలువను చదివి, అదే పెట్టెకు సంబంధించిన పాత అడుగు మీద తిరగరాయడం మేలు. బ్యాక్‌స్పేస్‌లూ పేస్ట్‌లూ వాటంతటవే సర్దుకుంటాయి.

తెలుగులో టైప్ చేసేవాళ్ల విషయంలో ఇది తప్పనిసరి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగుగా మార్చే లిప్యంతరీకరణ కీబోర్డుల్లో బ్రౌజర్‌కు అసలు కీ తెలియదు. కీడౌన్‌లో ‘ప్రాసెస్’ అన్న గుర్తు మాత్రమే వస్తుంది. పదం ఖాయమయ్యేవరకు కంపోజిషన్ ఈవెంట్లు నడుస్తాయి. కీలను లెక్కపెట్టే రికార్డర్ ఇక్కడ చెత్త రాసుకుంటుంది, విలువను చదివే రికార్డర్ సరైన పదాన్నే రాసుకుంటుంది.

ఇప్పుడు చెక్‌బాక్స్. మనిషి నొక్కింది పక్కనున్న లేబుల్ మీద. బ్రౌజర్ ముందు లేబుల్‌కు క్లిక్ ఇస్తుంది, ఆ వెంటనే తానుగా చెక్‌బాక్స్‌కు ఇంకో క్లిక్ ఇస్తుంది. రెండింటినీ నమ్మిన రికార్డర్ రెండు అడుగులు రాస్తుంది. తిరిగి నడిపినప్పుడు మొదటి అడుగుతో టిక్ పడుతుంది, రెండో అడుగుతో టిక్ పోతుంది. టెస్ట్ ఆగదు, ఎర్రర్ రాదు. ఫలితం మాత్రం తప్పు. అందుకే మంచి రికార్డర్ చెక్‌బాక్స్ విషయంలో క్లిక్ అని రాయదు. చివరికి టిక్ ఉందా లేదా చూసి ‘టిక్ పెట్టు’ అనో ‘టిక్ తీసెయ్’ అనో రాస్తుంది.

ఎంటర్ కూడా ఇలాంటిదే. పెట్టెలో ఎంటర్ కొడితే ఫారం పంపే ముందు బ్రౌజర్ లాగిన్ బటన్‌కు తానే ఒక క్లిక్ ఈవెంట్ పంపుతుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే అలా ఉంది. దాన్ని మనిషి క్లిక్ అనుకుని రాసుకుంటే, తిరిగి నడిపినప్పుడు ఎంటర్‌తోనే తర్వాతి పేజీకి వెళ్లిపోయి, అక్కడ లేని లాగిన్ బటన్ కోసం గడువు తీరేవరకు వెతుకుతూ ఉంటుంది. ఆ నివేదిక చూసినవాళ్లు ముందు సర్వర్ నెమ్మదిగా ఉందనుకుంటారు.

ఇన్ని ఈవెంట్ల నుంచి చివరికి మిగలాల్సినవి నాలుగే అడుగులు: నింపు, నింపు, టిక్ పెట్టు, ఎంటర్ కొట్టు.

పేజీ స్క్రిప్టులు ఈవెంట్లను మధ్యలో ఆపేయగలవు కాబట్టి, రికార్డర్ వినేది క్యాప్చర్ దశలో (ఈవెంట్ ఆ మూలకానికి చేరకముందే), విండో స్థాయిలో, పేజీ లోడ్ కాకముందు నుంచే అయి ఉండాలి. వెబ్ కాంపొనెంట్లు (లోపలి భాగాలను గూడులో దాచే సొంత ట్యాగులు) వాడే సైట్లలో ఈవెంట్ టార్గెట్‌గా బయటి గూడే కనిపిస్తుంది. లోపల నిజంగా నొక్కిన బటన్ తెలియాలంటే కంపోజ్డ్ పాత్‌లో (ఈవెంట్ ప్రయాణించే దారి జాబితాలో) మొదటిది తీసుకోవాలి. షాడో రూట్ (ఆ గూడు లోపలి భాగం) మూసి ఉంచినదైతే అదీ కనిపించదు.

లొకేటర్ పేరుతో వచ్చే చిక్కు

అడుగు ఏదో తేలాక, ఎవరి మీద అన్నది మిగిలింది. పాత రికార్డర్లు పేజీలో మూలకం ఉన్న చోటును పొడవాటి ఎక్స్‌పాత్‌గా రాసేవి: మూడో డివ్‌లో రెండో డివ్‌లో మొదటి బటన్. పైన ఒక ప్రకటన పట్టీ చేరితే చాలు, లెక్క మొత్తం తప్పుతుంది. ఐడీలు నమ్మదగినవిగా కనిపిస్తాయి గానీ చాలా ఫ్రేమ్‌వర్కులు ఐడీలను నడుస్తుండగా పుట్టిస్తాయి. సీఎస్‌ఎస్ క్లాసుల చివర హ్యాష్ తోకలు (యంత్రం చేర్చే అర్థంలేని అక్షరాల గుంపులు) బిల్డ్ బిల్డ్‌కూ మారవచ్చు. ఐడీలో అంకెల గుంపు కనిపిస్తే దాన్ని పక్కనపెట్టే నియమం రికార్డర్‌లో ఉండి తీరాలి.

ప్లేరైట్ కోడ్‌జెన్ రోల్ (బటనా, లింకా అన్న పాత్ర), పైకి కనిపించే పాఠం, టెస్ట్ ఐడీ (టెస్టుల కోసమే పెట్టిన పేరు), ఈ మూడింటికీ పెద్దపీట వేస్తుంది. ‘లాగిన్ అన్న పేరున్న బటన్’ అన్న తరహా లొకేటర్ పేజీ అమరిక మారినా నిలుస్తుంది. పేజీలో అలాంటివి రెండుంటే, ఒక్కటే మిగిలేదాకా లొకేటర్‌ను బిగిస్తుంది. కొత్త సెలీనియం ఐడీఈది వేరే పద్ధతి. ఒక్కో అడుగుకు చాలా లొకేటర్లు దాచుకుని, మొదటిది దొరక్కపోతే తర్వాతిదానితో ప్రయత్నిస్తుంది. టెస్టులు తరచూ విరగకుండా ఇది కాపాడుతుంది. కానీ మొదటి లొకేటర్ చెడిపోయిన సంగతే బయటపడదు, ఒక్కోసారి వేరే బటన్‌ను నొక్కి మరీ పాసవుతుంది. టెస్ట్ విరగడం కూడా ఒక సమాచారమే అనుకునే జట్లకు ప్లేరైట్ పద్ధతే నయం.

పాఠాన్ని నమ్ముకున్న లొకేటర్లు తెలుగు సైట్లలో ఇంకో రకంగా దెబ్బతింటాయి. తెలుగు టైపింగ్ సాధనాలు కొన్ని ‘లాగిన్’ లాంటి పొల్లుతో ముగిసే మాట చివర, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను వదిలేస్తాయి. పేజీలో ఆ గుర్తుండి, టెస్టర్ చేత్తో సరిదిద్దిన స్క్రిప్ట్‌లో లేకపోతే, తెర మీద రెండూ ఒకటే అయినా పోల్చినప్పుడు కలవవు. అదనపు ఖాళీలను సరిచేసే టూల్స్ ఉన్నా ఇది ఖాళీ కిందికి రాదు. ఐత్వం గుర్తుదీ ఇదే తంతు. యూనికోడ్‌లో దాన్ని ఒకే అక్షరంగానూ రాయవచ్చు, ఎత్వం గుర్తుకు కింది భాగం చేర్చి రెండుగానూ రాయవచ్చు. రికార్డర్ గానీ, తిరిగి నడిపే భాగం గానీ రెండు వైపులా పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి మార్చి పోలిస్తే ఐత్వం గొడవ పోతుంది. కనిపించని గుర్తును మాత్రం విడిగా తొలగించాలి. సైట్ తెలుగు, ఇంగ్లిష్ రెండింట్లోనూ నడిచేదైతే పాఠాన్ని వదిలి టెస్ట్ ఐడీలు పెట్టుకోవడమే సుఖం.

రికార్డర్ చూడలేనివి

మౌస్ ఆనిస్తే తెరుచుకునే మెనూలు రికార్డ్‌లోకి రావు. మౌస్ కదలికలన్నీ రాసుకుంటే స్క్రిప్ట్ నిండిపోతుందని రికార్డర్లు హోవర్‌ను సాధారణంగా వదిలేస్తాయి. తిరిగి నడిపినప్పుడు మెనూ తెరుచుకోదు, అందులోని లింకు కనిపించదు. ఆ హోవర్ అడుగును చేత్తో చేర్చుకోవాల్సిందే.

ఫైలు అప్‌లోడ్‌లో బ్రౌజర్ అసలు ఫోల్డర్‌ను పేజీకి చెప్పదు, ‘ఫేక్‌పాత్’ అన్న ఉత్తుత్తి దారి చూపిస్తుంది. రికార్డర్‌కు దక్కేది ఫైలు పేరొక్కటే. ఓటీపీ, క్యాప్చా ఉన్న చోట రికార్డింగ్‌తో పనే లేదు. టెస్ట్ సర్వర్‌లో వాటిని ఆపేయడమో, ఒకసారి లాగిన్ అయిన స్థితిని ఫైల్లో దాచుకుని వాడుకోవడమో చేయాలి. ప్లేరైట్‌లో సేవ్ స్టోరేజ్, లోడ్ స్టోరేజ్ ఆప్షన్లు ఇందుకే ఉన్నాయి. ఆ ఫైల్లో ఉండేవి బతికున్న కుకీలు. అది పొరపాటున కోడ్ దాచుకునే గిట్‌లోకి వెళ్తే ఆ ఖాతాను ఊరందరి చేతిలో పెట్టినట్టే.

రోజూ వాడే బ్రౌజర్ ప్రొఫైల్‌లో రికార్డ్ చేసినప్పుడు వచ్చే చిక్కు చాలామందికి తట్టదు. అందులో కుకీ అనుమతి పట్టీని ఎప్పుడో మూసేసి ఉంటారు, పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టెలను తానే నింపేస్తుంది. స్క్రిప్ట్‌లో ఆ అడుగులు ఉండవు. టెస్టులను తానుగా నడిపే సీఐ సర్వర్‌లోని ఖాళీ బ్రౌజర్‌లో మాత్రం ఆ పట్టీ వచ్చి సరిగ్గా బటన్ మీద కూర్చుంటుంది. రికార్డింగ్ ఎప్పుడూ కొత్త ప్రొఫైల్‌లో జరగాలి. కోడ్‌జెన్‌లో అది సహజంగానే అలా జరుగుతుంది, ఎక్స్‌టెన్షన్ అయితే గుర్తుపెట్టుకుని చేయాలి.

అన్నిటికంటే పెద్ద లోటు పరీక్షించడమే. నొక్కడాలు, నింపడాలు ఎన్ని ఉన్నా, చివర ‘ఆర్డర్ ఖాయమైంది అన్న మాట కనిపించాలి’ అన్న తనిఖీ లేకపోతే అది టెస్ట్ కాదు, షికారు. రికార్డర్‌కు ఉద్దేశం తెలియదు, మనిషే చెప్పాలి. 2023 నవంబరులో వచ్చిన ప్లేరైట్ 1.40లో రికార్డర్ పట్టీలోకి తనిఖీ బటన్లు చేరాయి: కనిపిస్తోందా, ఈ పాఠం ఉందా, ఈ విలువ ఉందా అని. నొక్కి, పేజీలో చూపిస్తే చాలు. కొత్తగా రికార్డర్ రాసే ప్రాజెక్టు ఏదైనా దీన్ని రెండో విడతకు వాయిదా వేయకపోవడం మంచిది.

లోడ్ టెస్టింగ్‌లో రికార్డర్

సర్వర్ ఎంత రద్దీ తట్టుకుంటుందో చూసే జేమీటర్ లాంటి టూల్స్‌కు బటన్లతో పని లేదు, వాటికి కావాల్సింది సర్వర్‌కు వెళ్లే రిక్వెస్టులు. అందుకే జేమీటర్ రికార్డర్ ప్రాక్సీగా కూర్చుంటుంది. మామూలుగా 8888 పోర్టులో. బ్రౌజర్ ప్రాక్సీని అటు తిప్పి, హెచ్‌టీటీపీఎస్ చదవడానికి జేమీటర్ పుట్టించిన తాత్కాలిక రూట్ సర్టిఫికెట్‌ను బ్రౌజర్‌లో చేర్చాలి. మామూలు సెట్టింగుల్లో దాని గడువు 7 రోజులు. ‘నిన్నటిదాకా రికార్డ్ అయింది, ఇవాళ సైట్ తెరుచుకోవడం లేదు’ అన్న ఫిర్యాదుకు ముందు చూడాల్సింది ఈ గడువునే.

ప్రాక్సీ బాధ లేకుండా బ్రౌజర్ డెవ్‌టూల్స్ నుంచి హెచ్ఏఆర్ ఫైలు (బ్రౌజర్ పంపినవాటి, అందుకున్నవాటి చిట్టా) తీసి స్క్రిప్ట్‌గా మార్చే దారీ ఉంది. జేమీటర్ లాంటివే అయిన గాట్లింగ్‌లోనూ కే6లోనూ దానికి ఏర్పాట్లున్నాయి. క్రోమ్ ఇప్పుడు హెచ్ఏఆర్ ఇచ్చేటప్పుడు కుకీల వంటి సున్నితమైన వివరాలను తీసేసి ఇవ్వడం అలవాటు చేసుకుంది. కావాలంటే సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి, లేకపోతే లాగిన్ భాగం బోసిగా వస్తుంది.

ఇక్కడ అసలు కష్టం కోరిలేషన్, అంటే ప్రతిసారీ మారే విలువలను సర్వర్ జవాబు నుంచి తీసి తర్వాతి రిక్వెస్టులో పెట్టడం. రికార్డ్ చేసిన రోజు సర్వర్ ఇచ్చిన సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం నకిలీది కాదని తేల్చే గుర్తు), సెషన్ ఐడీ స్క్రిప్ట్‌లో అచ్చుపడిపోతాయి. మర్నాడు వాటితో పంపితే జాంగో ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిన సైట్ 403 ఎర్రర్ అంటుంది, లారావెల్‌తో కట్టినది 419 అంటుంది. అలా అన్నా నయమే. కొన్ని సైట్లు అంతా సవ్యం అనే 200 కోడ్‌తో లాగిన్ పేజీనే మళ్లీ పంపిస్తాయి. నివేదికంతా పచ్చగా ఉంటుంది, 500 మంది యూజర్లకు సర్వర్ చక్కగా తట్టుకున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక్కరూ లోపలికి వెళ్లలేదు. ప్రతి ముఖ్యమైన జవాబులోనూ ఉండాల్సిన ఒక మాటను తనిఖీ చేయడం, మారే విలువలను ముందరి జవాబు నుంచి తీసి వేరియబుల్‌లో పెట్టడం రికార్డింగ్ తర్వాత చేతిపనే.

ఎక్కడ మొదలుపెట్టాలి

రికార్డర్ చేర్చాలనుకునే ప్రాజెక్టు ముందు తేల్చుకోవాల్సింది తెర ఎలా ఉండాలని కాదు, అడుగులను ఏ రూపంలో దాచాలని. నేరుగా పైథాన్‌గానో జావాస్క్రిప్ట్‌గానో రాసేస్తే రెండో భాష అడిగినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. మధ్యలో జేసన్ లాంటి తటస్థ రూపం ఉంటే, భాషకొక చిన్న జనరేటర్ చాలు. లొకేటర్ తయారుచేసే కోడ్, తిరిగి నడిపేటప్పుడు వెతికే కోడ్ ఒక్కటే అయి ఉండాలి. రెండూ వేర్వేరుగా పెరిగితే రికార్డర్ రాసినదాన్ని టూల్ గుర్తుపట్టని రోజు వస్తుంది. పాస్‌వర్డ్ రకం పెట్టెల్లోని విలువను మొదటి వెర్షన్ నుంచే స్క్రిప్ట్‌లో రాయకుండా, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరును రాయాలి.

ఆ తర్వాత రికార్డర్‌కే టెస్టులు కావాలి. లేబుల్‌తో చెక్‌బాక్స్, ఎంటర్‌తో పోయే ఫారం, ఐఫ్రేమ్, షాడో డామ్, తేదీ ఎంచుకునే క్యాలెండర్, లాగి వదిలే జాబితా, తెలుగు టైపింగ్ ఉన్న పెట్టె: ఒక్కోదానికీ ఒక చిన్న పేజీ రాసి, రికార్డ్ చేసి, వెంటనే నడిపి, పేజీ చివరి స్థితి ఒకటేనా అని చూడాలి. ప్రతి కొత్త బ్రౌజర్ వెర్షన్‌కూ ఈ వరసంతా తిరగాలి. ఈ పనికి ఇద్దరు ముగ్గురైనా నిలకడగా ఉంటారా అన్నది రికార్డర్‌ను ఒప్పుకునే ముందే అడగాల్సిన ప్రశ్న. లేకపోతే సొంత రికార్డర్ మానేసి, క్రోమ్ రికార్డర్ ఇచ్చే జేసన్‌ను చదివి తమ భాషలోకి మార్చే చిన్న కన్వర్టర్‌తో సరిపెట్టుకోవడం చిన్న ప్రాజెక్టులకు అందుబాటులో ఉన్న దారి.